నిన్నటి ధరల లిస్ట్ ముట్టుకోకుండానే మారిపోతోంది, ఎందుకు?

ఎర్రగడ్డ కూరలు అడిగారు:

అందరికీ నమస్తే. బీకాం అయ్యాక అమీర్‌పేటలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను, హాస్టల్ ఎస్సార్ నగర్‌లో. ఇది మూడో వారం. క్లాసులో లిస్టులు రెండు రోజుల్లో అయిపోయాయి. విన్నప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉన్నాయి, సొంతంగా రాయబోతే ఒక్కటీ కుదరడం లేదు.

నేను రాస్తున్నది చాలా చిన్న ప్రోగ్రామ్. మా అమ్మ శంకర్‌పల్లి దగ్గర మా ఊరి నుంచి కూరలు తెచ్చి ఎర్రగడ్డ రైతు బజార్‌లో అమ్ముతుంది. రోజూ రాత్రి ఫోన్‌లో ఆ రోజు ధరలు చెబుతుంది, నేను నోట్‌బుక్‌లో రాసి పెడతాను. "నిన్నటికీ ఇయ్యాల్టికీ ఏది పెరిగిందో ఒక్కచోట కనబడితే, రేపు ఏది ఎక్కువ తెంపాలో తెలుస్తది" అంటుంది. అందుకని ఇలా మొదలుపెట్టాను. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి ఇక్కడ అన్నీ తెలుగులోనే ఉన్నాయి. అసలు ప్రోగ్రామ్‌లో ప్రింట్, సార్ట్ లాంటివి ఇంగ్లీషులోనే రాశాను.

పేర్లు = ["టమాటా", "బెండకాయ", "వంకాయ", "పచ్చిమిర్చి"]
నిన్న = [24, 40, 32, 60]
నేడు = నిన్న
నేడు[0] = 30
ప్రింట్(నిన్న)

24 రావాలి కదా, [30, 40, 32, 60] అని వస్తోంది. నిన్న అనే లిస్ట్‌ని నేను ఎక్కడా ముట్టుకోలేదు. తేడా లెక్క వేస్తే ప్రతి కూరకీ సున్నానే.

ఇంకో మూడు సందేహాలు కూడా ఇక్కడే అడిగేస్తాను, ఏమీ అనుకోకండి.

నేడు = నేడు.సార్ట్() అని రాస్తే లిస్టే మాయమై "నన్" అని వస్తోంది.

సరుకు లేని రోజు ధర 0 అని రాస్తాను. ఆ సున్నాలు తీసేద్దామని [24, 0, 0, 60] మీద ఒక్కొక్క ధరనీ చూసే ఫర్ లూప్ పెట్టి, సున్నా కనబడగానే రిమూవ్ చేశాను. ఒక సున్నా పోయింది, ఒకటి అలాగే ఉంది.

స్లైసింగ్‌లో, అంటే లిస్ట్‌లోంచి ఒక ముక్క తీసుకునేటప్పుడు, చివరి నంబర్ ఎందుకు రాదు? [0:3] అంటే 0, 1, 2 మాత్రమే ఎందుకు? "అది రూల్, గుర్తుపెట్టుకో" అన్నారు. రూల్ అయితే గుర్తుపెట్టుకుంటాను, కానీ కారణం ఏదైనా ఉంటే తెలుసుకోవాలని ఉంది.

వచ్చే నెలలో మాక్ ఇంటర్వ్యూ ఉంది. లిస్టుల దగ్గరే ఇలా ఉంటే ముందు ముందు ఎలా అని టెన్షన్‌గా ఉంది.


సెకండ్ షిఫ్ట్ టెస్టర్ రాశారు:

చెల్లీ, నువ్వు అడిగిన మొదటి ప్రశ్న దగ్గర నేను రెండు రోజులు కూర్చున్నాను. అప్పటికి నాకు 36 ఏళ్లు, డేటా ఎంట్రీ నుంచి టెస్టింగ్‌లోకి మారుతున్నాను. మా పెద్దోడు పదో తరగతి. వాడు చదువుకుంటుంటే పక్కనే కూర్చుని నేనూ నేర్చుకున్నాను. అందుకే దీని గురించి తీరిగ్గా చెబుతాను.

నేడు = నిన్న అని రాసినప్పుడు రెండో లిస్ట్ పుట్టదు. ఉన్న లిస్ట్‌కే రెండో పేరు పడుతుంది, అంతే. మన ఇళ్లల్లో పిల్లకి రిజిస్టర్‌లో ఒక పేరు ఉంటుంది, ఇంట్లో బుజ్జి అని పిలుస్తాం. బుజ్జికి జుట్టు కత్తిరిస్తే స్కూల్లో ఉన్న అమ్మాయికి పొడుగు జడ మిగలదు కదా, ఎందుకంటే పిల్ల ఒక్కతే. నువ్వు "నేడు"లో 24ని 30 చేశావు, "నిన్న" కూడా ఆ లిస్ట్ పేరే కాబట్టి అక్కడా 30 కనబడింది. నమ్మకం కుదరకపోతే నిన్న ఈజ్ నేడు అని ప్రింట్ చేసి చూడు, ట్రూ అని వస్తుంది. ఆ రెండు పేర్లూ ఒకే వస్తువువా అని అడగడానికే ఈజ్ ఉంది.

నీకు కావలసింది ఇది:

నేడు = నిన్న.కాపీ()

నిన్న[:] అని రాసినా, లిస్ట్(నిన్న) అని రాసినా పని జరుగుతుంది. పాత పుస్తకాల్లో ఆ రెండే ఎక్కువ కనబడతాయి, ఎందుకంటే లిస్టులకు కాపీ అనేది 2012లో పైథాన్ 3.3తోనే వచ్చింది. నాకు కాపీ అని రాయడమే ఇష్టం. ఆరు నెలల తర్వాత చూసుకున్నా ఎందుకు రాశానో చదవగానే తెలుస్తుంది.

నన్ సంగతి. సార్ట్ ఉన్న లిస్ట్‌నే వరుసలో పెడుతుంది, చేతికి ఏమీ ఇవ్వదు. ఏమీ ఇవ్వకపోవడానికే పైథాన్‌లో నన్ అని పేరు. ఆ నన్‌ని నువ్వు "నేడు"లో పెట్టుకున్నావు, దాంతో లిస్ట్ చేయి జారింది. ఇది కావాలనే ఇలా పెట్టారు. వరుసలో పెట్టిన కొత్త లిస్ట్ వచ్చింది, పాతది అలాగే ఉంది అని మనం పొరబడకూడదని. పాతది చెదరకుండా వరుస కావాలంటే సార్టెడ్(నేడు) వాడు, అది కొత్త లిస్ట్ ఇస్తుంది. అపెండ్, ఇన్సర్ట్, రిమూవ్, రివర్స్, ఎక్స్‌టెండ్ కూడా సార్ట్ లాంటివే, వాటికి ఎడమవైపు "=" పెట్టకు. పాప్ ఒక్కటి వేరు. అది చివరిదాన్ని తీసేసి, ఆ తీసినదాన్ని నీ చేతిలో పెడుతుంది.

సున్నాల సంగతి. రేషన్ షాపు ముందు వరుస అనుకో. మధ్యలో ఒకరు తప్పుకుంటే వెనకవాళ్లంతా ఒక్కడుగు ముందుకు జరుగుతారు. లూప్ మాత్రం మనుషుల్ని చూడదు, స్థానాల్ని లెక్కపెడుతుంది. స్థానాల లెక్క సున్నాతో మొదలు, అంటే 24 ఉన్నది 0వ స్థానం. 1వ స్థానంలో సున్నాని నువ్వు తీశావు, రెండో సున్నా ఆ ఖాళీలోకి జరిగింది, లూప్ 2వ స్థానానికి వెళ్లిపోయింది. అక్కడ 60 ఉంది. జరిగి వచ్చిన సున్నాని ఎవరూ చూడలేదు. అందుకే లూప్ తిరుగుతున్న లిస్ట్‌లోంచి ఏదీ తీయకూడదు. ఉంచాల్సినవాటితో, అంటే సున్నా కాని ధరలతో, కొత్త లిస్ట్ కట్టుకోవాలి:

ఉన్నవి = [ధర ఫర్ ధర ఇన్ నేడు ఇఫ్ ధర != 0]

కానీ చెల్లీ, నీ ప్రోగ్రామ్‌లో అసలు తీయనే వద్దు. నీ పోస్ట్ చదివాక నాకు భయమేసింది ఇక్కడే. పేర్లు ఒక లిస్ట్‌లో ఉన్నాయి, ధరలు ఇంకో లిస్ట్‌లో ఉన్నాయి. వాటిని కలిపి పట్టుకున్నది స్థానం ఒక్కటే. నువ్వు ధరల్ని సార్ట్ చేస్తే [24, 32, 40, 60] అవుతుంది, పేర్లు మాత్రం కదలవు. అప్పుడు బెండకాయ పక్కన 32, వంకాయ పక్కన 40 వచ్చి కూర్చుంటాయి. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, అమ్మకి తప్పు ధర వెళుతుంది. ఎర్రర్ ఇచ్చే ప్రోగ్రామ్ కంటే నాకు ఇదే ఎక్కువ భయం. రోజూ ఆఫీసులో నేను వెతికేది ఇలాంటివాటినే.

పేరునీ ధరనీ జంటగా పెట్టు:

నిన్న = [[24, "టమాటా"], [40, "బెండకాయ"], [32, "వంకాయ"], [60, "పచ్చిమిర్చి"]]

ధర ముందు ఉంది కాబట్టి సార్ట్ చేస్తే ధరల వరుసలోనే వస్తాయి, పేరు ధర వెంటే వెళుతుంది.

స్లైసింగ్ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది. నాకు షిఫ్ట్ టైమ్ అవుతోంది.


మియాపూర్ టు మలక్‌పేట రాశారు:

స్లైసింగ్ నేను చెబుతాను. ఎస్సార్ నగర్‌లో ఉంటున్నారు కాబట్టి ఇట్టే అర్థమవుతుంది.

మెట్రో రెడ్ లైన్‌ని లిస్ట్ అనుకోండి. మియాపూర్ 0, జేఎన్‌టీయూ 1, కేపీహెచ్‌బీ 2, కూకట్‌పల్లి 3, బాలానగర్ 4, మూసాపేట 5, భరత్‌నగర్ 6, ఎర్రగడ్డ 7, ఈఎస్ఐ 8, ఎస్సార్ నగర్ 9, అమీర్‌పేట 10. అలా వెళ్తే ఎల్బీ నగర్ 26. మొత్తం 27 స్టేషన్లు, చివరి నంబర్ 26. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి చివరి నంబర్ ఎప్పుడూ మొత్తం కంటే ఒకటి తక్కువే. స్టేషన్లు[27] అంటే ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు స్టేషన్లు[0:10] తీస్తే ఎస్సార్ నగర్‌తో ఆగిపోతుంది, అమీర్‌పేట రాదు. ఎందుకంటే అమీర్‌పేట దగ్గర లైన్‌ని రెండు ముక్కలు చేద్దామనుకోండి. స్టేషన్లు[:10] ఒక ముక్క, స్టేషన్లు[10:] రెండో ముక్క. మొదటి దాంట్లో అమీర్‌పేట లేదు, రెండోది అమీర్‌పేటతోనే మొదలవుతుంది. రెండూ కలిపితే మళ్లీ 27 స్టేషన్లే, ఒకటీ తప్పిపోలేదు, ఒకటీ రెండుసార్లు రాలేదు. చివరి నంబర్ కూడా లోపలికి వస్తే అమీర్‌పేట రెండు ముక్కల్లోనూ ఉండేది, కలిపితే 28 అయ్యేవి. ఇంకో లాభం, ఎన్ని వస్తాయో తీసివేతతో తెలిసిపోతుంది. [7:10] అంటే 10లోంచి 7 పోతే మూడు: ఎర్రగడ్డ, ఈఎస్ఐ, ఎస్సార్ నగర్.

స్టేషన్లు[-1] ఎల్బీ నగర్. వెనక నుంచి లెక్క మైనస్ ఒకటితో మొదలు. స్టేషన్లు[::-1] అంటే తిరుగు ప్రయాణం, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్‌కి. స్టేషన్లు[20:100] అని రాసినా ఎర్రర్ రాదు, మలక్‌పేట నుంచి ఉన్నంతవరకు ఇచ్చి ఊరుకుంటుంది. ఒక్కదాన్ని అడిగినప్పుడు లేకపోతే ఎర్రర్, ముక్కని అడిగినప్పుడు ఉన్నంతమేరకు. ఈ తేడా ఇంటర్వ్యూలో అడుగుతారు, నన్ను అడిగారు.

2017 నవంబర్‌లో మియాపూర్–అమీర్‌పేట మధ్య మెట్రో మొదలైనప్పటి నుంచి ఈ లైన్‌లోనే తిరుగుతున్నాను, అందుకే లిస్ట్ అనగానే నాకు ఇదే గుర్తొస్తుంది.


ఎర్రగడ్డ కూరలు రాశారు:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మెట్రో లిస్ట్ మొత్తం టైప్ చేసి చూశాను, ఇప్పుడు [7:10] అంటే కళ్ల ముందు స్టేషన్లు కనబడుతున్నాయి.

కానీ అక్కా, నువ్వు చెప్పినట్టు జంటలు పెట్టి, కాపీ కూడా పెట్టాను.

నేడు = నిన్న.కాపీ()
నేడు[0][0] = 30
ప్రింట్(నిన్న[0])

మళ్లీ [30, "టమాటా"] అనే వస్తోంది! మళ్లీ "నిన్న" మారిపోయింది. నిన్న ఈజ్ నేడు అని అడిగితే మాత్రం ఫాల్స్ అంటోంది. రెండూ వేరు వేరు అని అదే చెబుతోంది, మరి ఎలా మారుతోంది? రాత్రి పన్నెండున్నర దాకా చూశాను.


ల్యాబ్ మేడం రాశారు:

నేను కూకట్‌పల్లి వైపు ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ చూస్తాను. ఈ ప్రశ్న ఏటా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నాకు సంతోషమే, ఎందుకంటే ఇది అడిగిన పిల్లలకి లిస్ట్ లోపల ఏముంటుందో నిజంగా అర్థమవడం మొదలైందని అర్థం.

లిస్ట్ లోపల వస్తువులు ఉండవమ్మా, వస్తువుల చిరునామాలు ఉంటాయి. కాపీ చేస్తే చిరునామాల కాగితానికి జిరాక్స్ వస్తుంది, కాగితాలు రెండు అవుతాయి. అందుకే ఈజ్ ఫాల్స్ అంది. కానీ రెండు కాగితాల మీదా రాసి ఉన్న ఇళ్లు అవే. నువ్వు నేడు[0][0] అన్నప్పుడు కొత్త కాగితం చూసి మొదటి ఇంటికి వెళ్లి, ఆ ఇంట్లో సామాను మార్చి వచ్చావు. పాత కాగితం పట్టుకుని వెళ్లినవాళ్లకీ అదే ఇల్లు కదా. నిన్న[0] ఈజ్ నేడు[0] అని అడిగి చూడు, ట్రూ వస్తుంది.

మొదట్లో ఉత్త అంకెల లిస్ట్ ఉన్నప్పుడు కాపీ సరిపోయింది, ఎందుకంటే నేడు[0] = 30 అన్నప్పుడు నువ్వు కాగితం మీద పాత చిరునామా కొట్టేసి కొత్త చిరునామా రాశావు. ఇంట్లోకి వెళ్లలేదు.

దారులు మూడు ఉన్నాయి. కాపీ అనే మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసుకుని డీప్‌కాపీ వాడితే ఇళ్లు కూడా కొత్తవి కట్టేస్తుంది. లేదంటే లోపలి జంటలకి చదరపు బ్రాకెట్ బదులు గుండ్రటి బ్రాకెట్ పెట్టు, (24, "టమాటా") అని. దాన్ని టపుల్ అంటారు, అందులో ఏదీ మార్చలేవు. నేడు[0][0] = 30 అంటే వెంటనే టైప్ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు నేడు[0] = (30, "టమాటా") అని మొత్తం జంటనే మార్చి తీరాలి, పాతది క్షేమంగా ఉంటుంది. నా మాట వింటే మొదటి దాని కంటే ఇదే నేర్చుకో. మూడోది డిక్షనరీ:

నిన్న = {"టమాటా": 24, "బెండకాయ": 40, "వంకాయ": 32, "పచ్చిమిర్చి": 60}

పేరుతోనే ధర దొరుకుతుంది, స్థానం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లోపల ఉన్నవి ఉత్త అంకెలే కాబట్టి మామూలు కాపీ చాలు. నీ పనికి ఇదే సరైనది.

ఇంకో మాట. ధరల్ని కీబోర్డు నుంచి ఇన్‌పుట్‌తో తీసుకుంటే వచ్చేవి అంకెలు కావు, అక్షరాలు. "100", "40", "8" అనే మూడింటిని సార్ట్ చేస్తే "100" ముందు, "8" చివర వస్తాయి, నిఘంటువులో పదాల్లా మొదటి అక్షరం చూసి పేరుస్తుంది. ఇంట్(ఇన్‌పుట్()) అని మార్చుకోవాలి. ఇంట్‌కి "౨౪" అని తెలుగు అంకెలు ఇచ్చినా 24 చేసి ఇస్తుంది. మా ల్యాబ్‌లో అది చూపించిన రోజు పిల్లల ముఖాలు చూడాలి.


సెకండ్ షిఫ్ట్ టెస్టర్ రాశారు:

మేడం చెప్పింది నిజం. జంటలు పెట్టమన్నాను కానీ, పెడితే మామూలు కాపీ చాలదని చెప్పడం మరిచాను. చెల్లీ, నా వల్ల ఒక రాత్రి నిద్ర పోయింది నీకు, సారీ.

డిక్షనరీ విషయంలో మాత్రం నాదొక మాట. రోజూ వాడే ప్రోగ్రామ్‌కి డిక్షనరీయే పెట్టు. కానీ మొదట పేర్లు, ధరలు విడి లిస్టులుగా పెట్టి రాసినది తుడిచేయకు, వేరే ఫైల్‌గా ఉంచి అది కూడా పూర్తి చెయ్యి. మూడు లిస్టుల్ని పక్కపక్కన నడిపించడానికి జిప్ అని ఉంది:

ఫర్ పేరు, పాత, కొత్త ఇన్ జిప్(పేర్లు, నిన్న, నేడు):
    ఇఫ్ కొత్త > పాత:
        ప్రింట్(పేరు, కొత్త - పాత)

దీనికి ఒక గుణం ఉంది. మూడింట్లో ఏది పొట్టిదైతే అక్కడ ఆగిపోతుంది, చెప్పదు కూడా. నువ్వు ఒక ధర రాయడం మరిస్తే చివరి కూర కనబడకుండా పోతుంది. పైథాన్ 3.10 నుంచి జిప్‌లో స్ట్రిక్ట్=ట్రూ అని పెట్టుకోవచ్చు, పొడవులు కలవకపోతే ఎర్రర్ ఇస్తుంది. తప్పకుండా పెట్టుకో.


ఎర్రగడ్డ కూరలు రాశారు:

రెండు ఫైళ్లూ పూర్తయ్యాయి అక్కా. మేడం, ఈజ్ పెట్టి చూశాను, ట్రూ వచ్చింది. మీ జిరాక్స్ కాగితం మాట మా రూమ్‌లో ఇద్దరికి చెప్పాను, వాళ్లకీ అర్థమైంది.

చివరగా ఒక్కటి. పెరిగిన కూరల పేర్లు వేరే లిస్ట్‌లో వేద్దామని ఇలా రాశాను:

రేపటికి = []
రేపటికి += "టమాటా"

ప్రింట్ చేస్తే ఐదు ముక్కలు వచ్చాయి. ట, మ, దీర్ఘం, ట, మళ్లీ దీర్ఘం. దీర్ఘాలు విడిగా ఊడి వచ్చాయి!


ల్యాబ్ మేడం రాశారు:

లిస్ట్‌కి += అంటే ఎక్స్‌టెండ్ అనే అర్థం. కుడివైపు ఉన్నదాన్ని విప్పి, ఒక్కొక్కటిగా చేరుస్తుంది. పదాన్ని విప్పితే అక్షరాలే వస్తాయి. మన రాతలో గుణింతపు గుర్తులు కంప్యూటర్‌కి విడి సంకేతాలు, అందుకే పొడవు చెప్పే లెన్‌ని లెన్("టమాటా") అని అడిగినా 5 అనే చెబుతుంది, మనం మూడు అక్షరాలు అనుకుంటాం. మొత్తం పదం ఒక్కటిగా చేరాలంటే రేపటికి.అపెండ్("టమాటా") అని రాయాలి.


ఎర్రగడ్డ కూరలు రాశారు:

అపెండ్ పెట్టాను మేడం, ఇప్పుడు సరిగ్గా వస్తోంది. ఆదివారం పొద్దున్నే రైతు బజార్‌కి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో చూపించాను. టమాటా 6, పచ్చిమిర్చి 10 అని రెండు లైన్లు వచ్చాయి. అమ్మ చూసి, పాలకూర కట్టలు ఎందుకు లేవని అడిగింది. అక్కడే కూర్చుని చేర్చాను.